రెండు వేళ్ల ఊరు

పారిస్‌లో గార్ ద లియాన్ స్టేషన్లో రైలెక్కితే ముప్పావు గంటలో ఫోంటెన్‌బ్లో వచ్చేస్తుంది. బండి దిగినవాళ్లలో ఎక్కువమంది రాజుల కోట చూడ్డానికి వెళ్లిపోతారు. 1814లో సింహాసనం వదులుకున్న నెపోలియన్ తన సైనికులకు వీడ్కోలు చెప్పింది ఆ కోట మెట్ల దగ్గరే మరి! అయితే అదే ప్లాట్‌ఫాం మీద అప్పుడప్పుడూ భుజాన గిటార్ పెట్టె తగిలించుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లకు కోటతో పనిలేదు. అడవి అంచు పట్టుకుని నాలుగైదు కిలోమీటర్లు వెళితే సెన్ నది ఒడ్డున ఓ పల్లె వస్తుంది. వాళ్ల ప్రయాణం అక్కడికే.

ఊరి పేరు సమ్వా. పూర్తిగా చెప్పాలంటే సమ్వా సుర్ సెన్. జనాభా సుమారు రెండు వేలు. ఒక పక్క అడవి, ఇంకో పక్క నది. నదిలో ఓ లంక. లంక అంటే గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు కానీ, ఇది కోనసీమ లంకల్లాంటిది కాదు. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఆ చివర వచ్చేస్తుంది. దాని పేరు ఇల్ దు బెర్సో. బెర్సో అంటే ఊయల. ఊరి శ్మశానంలో ఓ సమాధి. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామికి తిరువయ్యారు ఎలాగో, జాజ్ గిటార్ నేర్చుకునేవాళ్లకు సమ్వా అలాగ. ఆ సమాధిలో ఉన్నాయన పేరు జాంగో రైన్‌హార్ట్. సోలోలన్నీ రెండు వేళ్లతోనే వాయించిన మనిషి.

కాగితం పూలు కాదు... అంతకన్నా ప్రమాదం

జాంగో 1910లో బెల్జియంలోని లిబెర్షీ అనే ఊళ్లో ఓ బండిలో పుట్టాడు. ఇల్లూ వాకిలీ అన్నీ ఆ బండే. గుర్రాన్ని కట్టి ఊరూరా తిరిగే కుటుంబం. కాస్త పెద్దయ్యాక వాళ్ల బళ్లు పారిస్ శివార్లలో ఆగాయి. బడికి పోలేదు, అక్షరం ముక్క రాలేదు. పన్నెండు పదమూడేళ్లకే బాంజో పుచ్చుకుని డాన్సు హాళ్లలో అకార్డియన్ వాయించేవాళ్ల పక్కన కూర్చునేవాడు. 1928లో మొదటిసారి రికార్డు మీద పేరు పడింది. అదీ ‘జియాంగో రెనార్’ అని తప్పుగా! తన పేరే చదువుకోలేని కుర్రాడు అచ్చుతప్పును ఏం దిద్దగలడు?

ఆ ఏడాది చివర్లో ఓ రాత్రి బండిలో నిప్పంటుకుంది. భార్య బెల్లా మర్నాడు అమ్ముకోవడానికని సెల్యులాయిడ్‌తో పూలు చేసి బండి నిండా పెట్టింది. కాగితమైతే మండుతుంది... సెల్యులాయిడ్ భగ్గుమంటుంది. కొవ్వొత్తి మంట తగిలింది, అంతే. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు కానీ జాంగో కుడికాలు, ఎడమచెయ్యి కాలిపోయాయి. కాలు తీసేయాలన్నారు డాక్టర్లు. ఒప్పుకోలేదు. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం ముడుచుకుని ఉండిపోయాయి.

గిటార్ వాయించేవాడికి కుడిచెయ్యి మీటడానికి. ఏ స్వరం పలకాలో తేల్చేది ఎడమచెయ్యి. అందులో నాలుగు వేళ్లకు రెండే మిగిలాయి. అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. తమ్ముడు జోసెఫ్ ఓ గిటార్ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఆయన పాత వాయిద్యాన్ని తిరిగి తెచ్చుకోలేదు. వేరే వాయిద్యం కనిపెట్టుకున్నాడు.

ఎలాగంటే... మామూలుగా గిటారిస్టు చెయ్యి ఒకచోట నిలిపి, నాలుగు వేళ్లూ పరిచి ఈ తీగ మీంచి ఆ తీగ మీదికి అడ్డంగా వెళతాడు. జాంగోకి అది కుదరదు. చూపుడు వేలు, మధ్య వేలు... ఈ రెంటితో తీగ పొడవునా పైకీ కిందికీ పరుగెత్తడమే దారి. ఇదేదో తెలిసిన సంగతిలా లేదూ? మన వైణికులు చేసేది అదే. వీణ మెట్ల మీద నడిచేది ప్రధానంగా ఆ రెండు వేళ్లే. విచిత్రమేమిటంటే, కుర్రతనంలో జాంగో రికార్డులు విని పెరిగిన ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తర్వాత అమెరికాలో ఎస్.రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1990ల చివరి నుంచి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించింది మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాసే!

కాళ్ల కింద నేల మారుతుంటే

రెండు వేళ్లవాడు వేగంగా వాయించాడన్నది గొప్పే. కానీ అడవి దాటి ఇంతదూరం వచ్చే కుర్రాళ్లు నేర్చుకోవాలనుకునేది వేగం ఒక్కటే కాదు. ఆయన అప్పటికప్పుడు అల్లే పాట ఎక్కడా దారి తప్పదు. ఆ గుట్టు ఏమిటన్నదే వాళ్ల ప్రశ్న.

అప్పటికప్పుడు అల్లడం మనకు కొత్త కాదు. మనోధర్మం అనే ముచ్చటైన పేరుంది. అయితే మన కచేరీలో శ్రుతి మారదు. రాగం గడప దాటకుండా గాయకుడు ఎంతసేపైనా ఆలాపన చేసుకోవచ్చు. జాజ్‌లో ఆ వెసులుబాటు లేదు. రెండు మూడు క్షణాలకోసారి కాళ్ల కింద నేల మారిపోతుంటుంది. ఆ నేల పేరే ‘కార్డ్’. పేకముక్క కాదండోయ్! మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగిస్తే వచ్చే కలగలుపు నాదం. స, గ, ప కలిపి కొడితే అదొక కార్డ్. అవే స్వరాలను విడదీసి ఒకదాని తర్వాత ఒకటి పలికిస్తే ఆర్పెజియో. వరసగా ఆరోహణ అవరోహణ చేస్తే స్కేల్. స్కేళ్లు మనకు పరాయివేమీ కాదు. వాళ్ల ‘మేజర్’ స్కేలు మన 29వ మేళకర్త ధీరశంకరాభరణం. ‘హార్మోనిక్ మైనర్’ అని వాళ్లు పిలిచేది మన 21వ మేళకర్త కీరవాణి.

ఈ సంగీతం నేర్చుకునేవాళ్లంతా మొదట పట్టుకునే పాటల్లో ‘మైనర్ స్వింగ్’ ఒకటి. 1937లో జాంగో, వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లీ కలిసి చేశారు. పదహారు గళ్ల పాట. గళ్లంటే నిజంగా గళ్లే! ఫ్రెంచివాళ్లు కాగితం మీద చదరంగం బల్లలా గీసి ఒక్కో గడిలో కార్డ్ పేరు రాసుకుంటారు. మొదటి రెండు గళ్లు ఒక కార్డ్, తర్వాతి రెండు ఇంకోటి, ఆ పైన రెండు మూడోది, మళ్లీ మొదటిదానికి రాక. అదనపు అలంకారాలు తీసేసి చూస్తే మొదటి కార్డ్‌లో స-గ-ప, రెండోదాంట్లో మ-ద-స, మూడోదాంట్లో ప-ని-రి-మ. అన్నీ కీరవాణి స్వరాలే!

అయితే ఇంకేం, కీరవాణి వచ్చినవాళ్లెవరైనా ఈ పాట మీద గంటసేపు వాయించేయొచ్చుగా? వాయించొచ్చు. తప్పు స్వరం ఒక్కటీ పడదు. అయినా పక్కన కూర్చున్న పెద్దలు పెదవి విరుస్తారు. ఎందుకంటే మూడో కార్డ్ వచ్చిందన్న సంగతి వాయించేవాడి చేతిలో వినబడాలి. షడ్జమం మీదున్న వేలు సరిగ్గా ఆ క్షణానికి ఒక్క మెట్టు దిగి కాకలి నిషాదం మీద వాలాలి. మొదటి కార్డ్ తిరిగి రాగానే ఆ నిషాదం షడ్జమంలోకి ఎక్కాలి. ఒకే ఒక్క మెట్టు తేడా. ఆ మెట్టు సరైన చోట దిగితే, వెనకున్న గిటార్లన్నీ ఆపేసినా ఒంటి తీగ మీది పాటలోంచి కార్డులు వినబడతాయి. దిగకపోతే అది స్కేలు సాధన, అంతే.

జాంగో చేతివాటంలో ఇంకో కిటుకుంది. అదే మూడో కార్డ్ మీద ని-రి-మ-ద అనే నాలుగు స్వరాలు పట్టుకుంటాడు. వీటిలో పక్కపక్క స్వరాల మధ్య దూరం సరిగ్గా మూడేసి మెట్లు. అందువల్ల వేళ్లు ఉన్న భంగిమలోనే చేతిని మూడు మెట్లు పైకి జరిపితే మళ్లీ అవే నాలుగు స్వరాలు వరస మారి పలుకుతాయి. ఇంకో మూడు జరిపితే మళ్లీ అవే. నాలుగు వేళ్లున్నవాడికి ఇదొక సౌకర్యం. రెండు వేళ్లున్నవాడికి మెట్ల మీద పరిచిన రాజబాట! ముడుచుకున్న వేళ్లను కూడా ఆయన ఊరికే వదల్లేదు. కార్డులు పట్టేటప్పుడు కింది రెండు తీగల మీద వాటిని కొక్కేల్లా ఆనించేవాడు. పైన మందపు తీగను బొటనవేలితో నొక్కేవాడు.

ముందు పంపు కొట్టాలి

అమెరికా జాజ్ కళాశాలల్లో ప్రతి కార్డ్‌కీ ఓ స్కేలు జతచేసి, పేరు పెట్టి, పుస్తకంలో రాసి నేర్పుతారు. మంచి పద్ధతే. గొప్ప గొప్పవాళ్లు తయారయ్యారు. కానీ జాంగో మనుషుల పద్ధతి వేరు. అక్కడ పుస్తకం లేదు, స్వరలిపి లేదు, స్కేళ్ల పేర్లతో పనీ లేదు. పిల్లాడు గిటార్ పట్టుకోగానే ముందు నేర్పేది ‘పోంప్’. పోంప్ అంటే పంపు. చేతిపంపు కొట్టినట్టే ఉంటుంది కూడా. ఒకటి, మూడు లెక్కల మీద మందంగా, రెండు, నాలుగు మీద చురుగ్గా కుడిచెయ్యి పడాలి. ఎడమచెయ్యి కార్డ్ మీద నొక్కు వెంటనే సడలించి మోతను తుంచెయ్యాలి. 1934లో జాంగో, గ్రాపెల్లీ పారిస్‌లో పెట్టిన ‘హాట్ క్లబ్’ బృందంలో మూడు గిటార్లు, ఓ వయొలిన్, ఓ డబుల్ బాస్. డ్రమ్ములు లేవు. మృదంగం పని కూడా ఈ పంపుదే.

బాబాయో, మావయ్యో సోలో వాయిస్తుంటే పిల్లాడు పక్కన కూర్చుని పంపు కొడతాడు. ఏళ్ల తరబడి! విసుగనిపించే పనే. అయితే ఈలోగా ప్రతి పాటలో ప్రతి కార్డ్ ఎప్పుడు వస్తుందో వాడి చేతికి ఒళ్లెరగకుండా తెలిసిపోతుంది. తన వంతు వచ్చేసరికి నేల ఎక్కడ మారుతుందో లెక్కపెట్టుకోనక్కర్లేదు. అలా పెరిగినవాళ్లలో బిరెలీ లగ్రెన్ ఒకడు. 1966లో ఫ్రాన్స్ తూర్పున ఆల్సాస్‌లో పుట్టి, పదమూడేళ్లకే మొదటి రికార్డు ఇచ్చాడు. 2002లో తోనీ గత్లిఫ్ తీసిన ‘స్వింగ్’ సినిమా ఈ చదువు గురించే. ఊళ్లోని ఓ కుర్రాడు వాళ్ల బళ్ల దగ్గరికొచ్చి గిటార్ నేర్పమంటాడు. ఫీజు ఏమిటో తెలుసా? చదువురాని గురువుగారికి ఆఫీసులకు ఉత్తరాలు రాసిపెట్టడం!

మనూష్... మనిషి

ఇంతకీ ఎవరు వీళ్లు? ఫ్రెంచివాళ్లు ఈ సంగీతాన్ని ‘జాజ్ మనూష్’ అంటారు. జాంగో పుట్టిన తెగ పేరు మనూష్. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం... మనిషి! అవును, మన మనిషే. నీళ్లను ‘పానీ’ అంటారు. అయిదును ‘పంచ్’ అంటారు. ముక్కు ‘నాఖ్’. రోమా ప్రజల భాష ఉత్తర భారత భాషల కుటుంబానికి చెందిందని భాషావేత్తలు ఏనాడో తేల్చారు. వందల ఏళ్ల కిందట ఇక్కణ్నుంచి బయల్దేరినవాళ్లు మాటలను మూటగట్టుకుని వెళ్లారు. రాగాలు కూడా తీసుకెళ్లారా అంటే... కీరవాణి పోలిక చూసి తొందరపడి ఔననేయకూడదు. హార్మోనిక్ మైనర్ యూరప్ సంగీతంలో సొంతంగా ఎదిగిన స్కేలే.

మనిషి అని పేరు పెట్టుకున్నవాళ్లను మనుషుల్లా చూసిన రోజులు తక్కువ. 1912లో ఫ్రాన్స్ ఓ చట్టం చేసింది. సంచార జనం ఒంటి కొలతలు, వేలిముద్రలు ఉన్న పుస్తకం వెంటబెట్టుకోవాలి, ఆగిన ప్రతి ఊళ్లోనూ చూపించాలి. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్లను కుటుంబాలతో సహా శిబిరాల్లో పెట్టారు. యూరప్ అంతటా నాజీలు రోమాలను లక్షల్లో చంపారు. అదే సమయంలో, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో జాంగో గిటార్‌కు జనం ఎగబడ్డారు. ‘నుయాజ్’... అంటే మేఘాలు... అని 1940లో ఆయన చేసిన పాట ఊరంతా మోగింది. చప్పట్లు కొట్టేవాళ్ల మధ్య ఉన్నా భయం భయమే. 1943లో స్విట్జర్లాండ్‌కు పారిపోబోయి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ శిబిరాల విషయంలో ఫ్రాన్స్ ప్రభుత్వానికి బాధ్యత ఉందని దేశాధ్యక్షుడు ఫ్రాన్స్వా ఒలాంద్ ఒప్పుకున్నది 2016లో!

చేపల గాలం, కరెంటు గిటార్

1946లో డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో అమెరికా వెళ్లొచ్చాక జాంగో మీద జనం మోజు కాస్త తగ్గింది. అమెరికాలో బీబాప్ అనే కొత్త జాజ్ వచ్చింది. వేగం ఎక్కువ, కార్డులు మెలికలు మెలికలు. 1951లో ఆయన సమ్వా వచ్చి స్థిరపడ్డాడు. జీవితమంతా చక్రాల మీద గడిపినవాడు నది ఒడ్డున ఇంట్లో! గాలం వేసి చేపలు పట్టడం, బిలియర్డ్స్ ఆడటం, బొమ్మలు వేయడం... విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నారు. కానీ ఆ రోజుల్లోనే కరెంటు గిటార్ పట్టి, తనకన్నా చిన్నవాళ్లతో కూర్చుని ఆ కొత్త కార్డుల మీద కొత్త దారులు వేశాడు. 1953 ఏప్రిల్‌లో చేసిన చివరి రికార్డింగులు వింటే పదిహేనేళ్ల కిందటి జాంగో కాడు. ఈయన పాత సోలోలే మక్కికి మక్కి వల్లించే శిష్యులు ఆ చివరి రికార్డులను తక్కువగా తలుచుకోవడం ఓ విడ్డూరం.

1953 మే 16, శనివారం. మెదడులో రక్తనాళం చిట్లి సమ్వాలోనే కుప్పకూలాడు. ఫోంటెన్‌బ్లో ఆస్పత్రికి తీసుకెళ్లినా లాభం లేకపోయింది. వయసు నలభై మూడు. ఆయన వాయించిన సెల్మెర్ గిటార్, 503వ నంబరుది, ఇప్పుడు పారిస్ సంగీత మ్యూజియంలో ఉంది. భార్య నాగిన్ 1964లో ఇచ్చేసింది.

సమ్వాలో 1968లో ఆయన పేరిట ఉత్సవం మొదలైంది. 1983 నుంచి ఏటేటా. వేదిక ఆ ఊయల లంకే. ప్రపంచం నలుమూలల నుంచీ గిటార్ పెట్టెలు రెండు వేల మంది ఊళ్లోకి దిగేవి. 2016 వేసవిలో సెన్ నదికి వరదొచ్చి లంక మునిగింది. ఆ ఏటి ఉత్సవాన్ని హడావుడిగా ఫోంటెన్‌బ్లో కోట పార్కుకి మార్చారు. నీళ్లు తీశాయి కానీ ఉత్సవం మాత్రం లంకకు తిరిగి రాలేదు. కోట పార్కులో వేదిక పెద్దది, పేర్లు పెద్దవి. జనానికీ సౌకర్యమే. వద్దనడానికి కారణం లేదు. కాకపోతే బళ్లలో పుట్టిన పాట రాజుల తోటలోకి మారాక, పాత శ్రోతలు కొందరికి లంక గుర్తొస్తూనే ఉంటుంది.

అసలు బడి మాత్రం వేదిక మీద ఎప్పుడూ లేదు. సమ్వాకి నది అవతల సమొరో అనే ఊళ్లో గుడారాలు వేసుకునే మైదానం ఉంది. దశాబ్దాలుగా ఉత్సవం రోజుల్లో వాద్యగాళ్లు దిగేది అక్కడే. బళ్లు, గుడారాలు, మడత కుర్చీలు. చీకటి పడ్డాక ఎక్కడికక్కడ నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. టికెట్టు లేదు, మైకు లేదు. ఎవరైనా వచ్చి వలయంలో కూర్చోవచ్చు. స్కేళ్లన్నీ కంఠతా వచ్చినవాడైనా, నిన్నగాక మొన్న గిటార్ కొన్నవాడైనా మొదట చెయ్యాల్సింది పంపు కొట్టడమే. అదీ పక్కవాడి సోలో వినబడేంత మెల్లగా. పాట ‘మైనర్ స్వింగ్’ అయితే కొత్తవాడికి కాస్త ధైర్యం. మొదటి కార్డ్ రెండు గళ్లు, రెండోది రెండు గళ్లు, మూడోది... సోలో వంతు ఒకరి నుంచి ఒకరికి జరుగుతూ వస్తుంది. తన దగ్గరికి రాగానే పక్కాయన తలెత్తి చూసి, తల చిన్నగా ఊపుతాడు. అప్పటికి పాట మూడో కార్డ్ దగ్గర ఉంటుంది. షడ్జమం నుంచి ఒక్క మెట్టు కిందికి... చూపుడు వేలు ముందే అక్కడికి వెళ్లి కూర్చుని ఉంటుంది.